క్లియరింగ్ అగ్రిమెంటును వెనక నుంచి చదవండి: న్యాయమైన షరతులు రాబట్టుకోవడం ఎలా

డెరివేటివ్ ట్రేడుల్లో ఇద్దరి మధ్య నిలబడి హామీ ఇచ్చే సంస్థను సీసీపీ అంటారు. మన ట్రేడులను అక్కడికి చేర్చి, మన తరఫున పూచీ పడేది క్లియరింగ్ బ్యాంకు. ఆ బ్యాంకు నుంచి ప్రపోజల్ రాగానే అందరి కళ్లూ ముందు ఫీజుల పట్టిక మీదే పడతాయి. ట్రేడుకు ఎంత, నెలకు కనీస ఛార్జీ ఎంత, మార్జిన్ (పూచీకత్తుగా కట్టే డబ్బు) మీద ఎన్ని బేసిస్ పాయింట్లు (ఒక్కోటి శాతంలో నూరో వంతు) అని చూస్తాం. నేనూ మొదట్లో అంతే. ఒక ఫండ్‌లో పనిచేసేటప్పుడు రెండు బ్యాంకుల ప్రపోజల్స్ పక్కపక్కన పెట్టి, ట్రేడు ఫీజు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుని, ఎక్సెల్ షీటులో పొదుపు లెక్క చూపించి శభాష్ అనిపించుకున్నాను. ఏడాది తిరక్కముందే ఆ బ్యాంకు నుంచి రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. సీసీపీ అడిగే మార్జిన్‌కు తోడు వచ్చే సోమవారం నుంచి ఇంకో 30 శాతం మేం తీసుకుంటాం అని. అగ్రిమెంటు తెరిచి చూస్తే ఆ అధికారం వాళ్లకు ఉంది. "మా విచక్షణ మేరకు" అని ఒక మూల రాసే ఉంది. దాని మీద సంతకం పెట్టించింది నేనే.

అప్పట్నుంచి ఏ క్లియరింగ్ అగ్రిమెంటునైనా వెనక నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. రద్దు, మార్పు, నిరాకరణ క్లాజులు ముందు, ఫీజులు ఆఖరున. ఈ రోజు ఎంత తీసుకుంటారన్నది ఒక ప్రశ్న. రేపు ఏం మార్చగలరు, ఎన్ని రోజుల ముందు చెప్పి మార్చాలి అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. కింద చెప్పే పద్ధతంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చట్టం మీకేం ఇచ్చిందో తేల్చుకోండి

ఇక్కడ చెప్పేదంతా యూరోపియన్ యూనియన్ నియమాల సంగతి. 2008 సంక్షోభం తర్వాత, 2009 సెప్టెంబరులో పిట్స్‌బర్గ్‌లో సమావేశమైన జీ20 దేశాలు ప్రామాణిక ఓటీసీ డెరివేటివ్స్ (ఎక్స్ఛేంజీ బయట నేరుగా కుదిరే, వడ్డీ రేట్లు, కరెన్సీల లాంటి వాటి మీద ఆధారపడే ఒప్పందాలు) అన్నీ సెంట్రల్ కౌంటర్‌పార్టీ ద్వారా, అంటే సీసీపీ ద్వారా క్లియర్ కావాలని ఒప్పుకున్నాయి. యూరప్‌లో దాని రూపమే 2012 నాటి ఎమిర్ రెగ్యులేషన్. అయితే సీసీపీలో నేరుగా సభ్యత్వం తీసుకోవడం చాలామందికి తలకు మించిన పని. డిఫాల్ట్ ఫండ్‌లో, అంటే ఎవరైనా సభ్యుడు చేతులెత్తేస్తే నష్టం పూడ్చే ఉమ్మడి నిధిలో, డబ్బు పెట్టాలి, ఇంకో సభ్యుడు దివాలా తీస్తే వాళ్ల పొజిషన్ల (తెరిచి ఉన్న ట్రేడుల) వేలంలో పాల్గొనాలి. కాబట్టి క్లియరింగ్ మెంబర్‌గా ఉన్న ఒక బ్యాంకును పట్టుకోక తప్పదు. క్లియర్ చేసి తీరాలని చట్టం మిమ్మల్ని బలవంతపెడుతుంది కానీ, మీకు సేవ ఇచ్చి తీరాలని బ్యాంకును బలవంతపెట్టదు. బేరంలో మీ చెయ్యి కిందే ఉంటుంది.

ఈ తేడాను కొంత సరిచేయడానికి 2019లో వచ్చిన ఎమిర్ రెఫిట్, నాలుగో ఆర్టికల్‌లో 3ఎ అనే పేరా చేర్చింది. 2021 జూన్ 18 నుంచి అది అమల్లో ఉంది. క్లియరింగ్ సేవ ఇచ్చేవాళ్లు న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని, పారదర్శకమైన వాణిజ్య షరతుల మీదే ఇవ్వాలని దాని సారాంశం. ఈ రంగంలో వాళ్లు ఇంగ్లిష్ పదాల మొదటి అక్షరాలు కలిపి "ఫ్రాండ్ట్" అంటారు. ఏ షరతులు ఈ నాలుగు గుణాలకు సరితూగుతాయో వివరించే 2021/1456 డెలిగేటెడ్ రెగ్యులేషన్ 2022 మార్చి 9 నుంచి వర్తిస్తోంది.

అదే పేరాలో ఉన్న మరో రెండు మాటలు కూడా గుర్తుంచుకోండి. ఒకటి, కాంట్రాక్టు కుదుర్చుకోవాల్సిన బాధ్యత బ్యాంకుకు లేదు. రెండోది, క్లియరింగ్ వల్ల వచ్చే రిస్కును అదుపు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. "మీరు నాకు సేవ ఇవ్వాల్సిందే" అని వాదించేవాళ్లను చూశాను. ఆ వాదన మొదటి మీటింగ్‌లోనే వీగిపోతుంది. "ఇస్తానన్నారు కదా, అయితే ఏ ప్రాతిపదికన ఈ రేటు, ఏ ప్రాతిపదికన ఈ పరిమితి, చూపించండి" అనే వాదనకు మాత్రం బలం ఉంటుంది.

మీకు క్లియరింగ్ బాధ్యత ఉందో లేదో తెలియకపోతే, గత 12 నెలల నెలాఖరు ఓటీసీ పొజిషన్ల సగటు తీసి పరిమితులతో పోల్చాలి. రెఫిట్ తెచ్చిన లెక్క ఇదే. ఆర్థికేతర కంపెనీ ఏ తరగతి డెరివేటివ్స్‌లో (వడ్డీ, కరెన్సీ, సరుకులు లాంటివి) పరిమితి దాటితే ఆ తరగతికే బాధ్యత పడుతుంది. ఆర్థిక సంస్థ అయితే ఒక్కదాంట్లో దాటినా క్లియరింగ్ తప్పనిసరి అయిన తరగతులన్నిటికీ పడుతుంది. పరిమితులు మారుతుంటాయి. సరుకుల డెరివేటివ్స్ పరిమితిని 2022 చివర్లో 300 కోట్ల యూరోల నుంచి 400 కోట్లకు పెంచారు. కాబట్టి పాత స్లైడుల్లోని అంకెలు నమ్మకుండా యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా ఇచ్చే తాజా సమాచారం చూడండి. పెన్షన్ ఫండ్లకున్న మినహాయింపు 2023 జూన్ 18తో ముగిసింది. "మాకు వర్తించదు" అని ఇంకా ఎవరైనా అంటుంటే ఆ తేదీ చెప్పండి.

ప్రపోజల్స్ మీరే పిలవండి, మీ ప్రశ్నలతో

బ్యాంకు పంపిన బ్రోషర్‌తో మొదలుపెట్టకండి. 2021/1456 కింద క్లియరింగ్ ఇచ్చే సంస్థలు ఖాతా తెరిచే ప్రక్రియ ఎలా సాగుతుందో, ప్రపోజల్ కోరడానికి ఏం సమాచారం కావాలో తమ వెబ్‌సైటులో పెట్టాలి. ముందు దాన్ని దింపుకోండి. వాళ్లు అడిగిన వివరాలన్నీ ఒకేసారి నింపి పంపితే "ఇంకా ఆ కాగితం రాలేదు" అని నెలలు సాగదీసే అవకాశం తగ్గుతుంది.

కనీసం మూడు బ్యాంకులకు ఒకే రోజు, ఒకే ప్రశ్నలు, ఒకే పోర్ట్‌ఫోలియో పంపండి. పోర్ట్‌ఫోలియో అంటే నిజంగా మీ దగ్గరున్న స్వాప్‌ల (చెల్లింపులు మార్చుకునే ఒప్పందాల) జాబితా: కరెన్సీ, గడువు, నోషనల్ (చెల్లింపుల లెక్కకు ఆధారమైన మొత్తం), దిశ (మీరు ఏ వైపు ఉన్నారో). ఊహాజనితమైన "సగటు క్లయింటు" అంకెలు పంపితే ఊహాజనితమైన జవాబులే వస్తాయి. మీరు చిన్న క్లయింటు అయితే కొందరు నేరుగా వద్దనేస్తారు. ఫీజు ఆదాయం తక్కువ, బ్యాంకు ఎంత సొంత మూలధనం ఉంచాలో చెప్పే లెవరేజ్ నిష్పత్తి లెక్కలో మూలధనం ఖర్చు ఎక్కువ, అదే వాళ్ల గొడవ. అలాంటప్పుడు ఇంకో క్లయింటు ద్వారా జరిగే ఇన్‌డైరెక్ట్ క్లియరింగ్ గురించి అడగండి. నేరుగా ఇచ్చేవాళ్లకూ ఇలా మధ్యలో నిలబడి ఇచ్చేవాళ్లకూ 3ఎ సమానంగా వర్తిస్తుంది.

ఒకే బ్యాంకు యూరప్ సీసీపీలోనూ, లండన్ వంటి బయటి దేశపు సీసీపీలోనూ క్లియరింగ్ ఇస్తుంటే, యూరప్ సీసీపీలో క్లియర్ చేసే అవకాశం ఉందని మీకు చెప్పాలి, రెండింటి ఫీజులూ స్పష్టంగా చూపాలి. 2024 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన ఎమిర్ 3 తెచ్చిన నియమం ఇది. అడక్కుండానే చెప్పాల్సిన విషయం. అయినా అడగండి.

ఫీజు లెక్క వేయండి, తర్వాత దాన్ని మార్జిన్ లెక్క పక్కన పెట్టండి

నా ఎక్సెల్ షీటు తప్పెక్కడో ఇప్పుడు చూద్దాం. అంకెలు ఉదాహరణకే.

మొదటి బ్యాంకు ట్రేడుకు 90 యూరోలు అంటుంది, రెండోది 140. మీరు ఏడాదికి 60 ట్రేడులు పంపుతారు. మొదటి బ్యాంకుతో 3,000 యూరోలు మిగులు. ఇక మార్జిన్‌కు రండి. సీసీపీ మీ పోర్ట్‌ఫోలియోకు 40 లక్షల యూరోల ఇనీషియల్ మార్జిన్ (మొదట్లోనే కట్టాల్సిన పూచీ) అడుగుతోంది. రెండో బ్యాంకు అంతే అడుగుతుంది. మొదటిది 1.3 రెట్లు, అంటే 52 లక్షలు అడుగుతుంది. ఆ అదనపు 12 లక్షలు సమకూర్చుకోవడానికి మీకు ఏడాదికి 1.5 శాతం ఖర్చయితే 18,000 యూరోలు. అయిపోలేదు. రెండు బ్యాంకులూ మార్జిన్ మీద 40 బేసిస్ పాయింట్ల ఫీజు వేస్తాయి. ఏ మార్జిన్ మీద? సీసీపీ అడిగినదాని మీద అయితే 16,000. బ్యాంకు అడిగినదాని మీద అయితే 20,800. తేడా 4,800. మూడు వేలు మిగుల్చుకోబోయి 22,800 వదిలించుకున్నామన్నమాట.

"మార్జిన్ మీద ఫీజు" అని రాసిన చోట ఏ మార్జిన్ అని రాయించండి. ఒక్క విశేషణం విలువ ఏడాదికి దాదాపు ఐదు వేలు.

సీసీపీ వేసే ఛార్జీలను బ్యాంకు మీకు బదలాయిస్తుంటే, అవి విడిగా, ఉన్నవి ఉన్నట్టు కనిపించాలని అడగండి. సీసీపీలు, క్లియరింగ్ మెంబర్లు తమ సేవల ధరలు, ఫీజులు బహిరంగంగా ప్రకటించాలని ఎమిర్ 38వ ఆర్టికల్ చెబుతుంది. కాబట్టి సీసీపీ వెబ్‌సైటులో ఉన్న ధర, బిల్లులో ఉన్న ధర సరిపోల్చడం పెద్ద కష్టం కాదు. నగదు మార్జిన్ మీద వచ్చే వడ్డీలో బ్యాంకు ఎంత కోసుకుంటుందో కూడా చూడండి. దీన్ని చాలామంది ఫీజుగా లెక్కించరు. కానీ అదీ ఫీజే.

బ్యాంకు అదనంగా అడగడమే అన్యాయం అని మాత్రం అనలేం. 2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ పడిపోయినప్పుడు లండన్‌లోని స్వాప్‌క్లియర్ అనే క్లియరింగ్ సేవ సుమారు 9 లక్షల కోట్ల డాలర్ల నోషనల్ ఉన్న పోర్ట్‌ఫోలియోను సర్దిపెట్టింది. లేమన్ కట్టిన మార్జిన్‌తోనే పని సరిపోయింది, మిగతా సభ్యుల సొమ్ము ముట్టుకోలేదు. పదేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరులో నాస్‌డాక్ క్లియరింగ్ అనే సీసీపీలో ఒకే ఒక్క విద్యుత్ ట్రేడర్ డిఫాల్ట్ అయితే 11.4 కోట్ల యూరోల నష్టం మిగిలింది. అందులో సుమారు 10.7 కోట్లు ఇతర సభ్యుల డిఫాల్ట్ ఫండ్ నుంచే పోయాయి. మీ బ్యాంకు రిస్కు విభాగం ఈ రెండో కథను మరిచిపోదు. కాబట్టి అదనపు మార్జినే వద్దనకండి. అది దేన్ని బట్టి పెరుగుతుందో రాయించండి. మీ క్రెడిట్ రేటింగా, పొజిషన్ సైజా, పోర్ట్‌ఫోలియో ఒకే దిశలో ఉండటమా? ఎంతవరకు పెరగొచ్చు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి? "మా విచక్షణ మేరకు" అన్నచోట "ముందుగా తెలియజేసిన ప్రమాణాల ప్రకారం, సహేతుకంగా" అని మార్చమని అడగండి. నా అనుభవంలో బ్యాంకు లాయర్లు మొదట తల అడ్డంగా ఊపి, రెండో డ్రాఫ్టుకు సగం ఒప్పుకుంటారు. 3ఎ పేరా నంబరు ఈమెయిల్‌లో ఉంటే ఆ సగం ఇంకాస్త పెద్దదవుతుంది.

గడ్డు కాలంలో మార్జిన్ ఎంతకు చేరుతుందో కూడా ముందే చూసుకోండి. 2020 మార్చిలోనూ, 2022 వేసవిలో గ్యాస్ ధరలు ఎగసినప్పుడూ మార్జిన్ కాల్స్ (ఇంకా మార్జిన్ కట్టమనే డిమాండ్లు) చాలామందికి ఊపిరాడనివ్వలేదు. సీసీపీ మార్జిన్ మోడల్ ఎలా పనిచేస్తుందో బ్యాంకు మీకు అర్థమయ్యేలా చెప్పాలని, వేర్వేరు పరిస్థితుల్లో మార్జిన్ ఎంతవుతుందో అంచనా చూపాలని ఎమిర్ 3 అంటోంది. ఆ అంచనా కాగితం మీద తీసుకోండి. సీసీపీ అడిగినది ఒక వరుసలో, బ్యాంకు అదనం ఇంకో వరుసలో ఉండాలి. రెండూ కలిపి ఒకే అంకె ఇస్తే వెనక్కి పంపండి.

ఆ అదనపు డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?

ఖాతా ఎంపికను చాలామంది లీగల్ వాళ్లకు వదిలేస్తారు. వదలకండి. ఎమిర్ 39వ ఆర్టికల్ ప్రకారం బ్యాంకు మీకు కనీసం రెండు దారులు చూపాలి. చాలామంది క్లయింట్లను కలిపి ఉంచే ఆమ్నిబస్ ఖాతా ఒకటి, మీ ఒక్కరికే వేరుగా ఉండే ఖాతా రెండోది. దేనికెంత రక్షణ, దేనికెంత ఖర్చు అన్నది బ్యాంకు బహిరంగంగా చెప్పాలి.

పైన చూసిన 12 లక్షల కథ ఇక్కడికే వచ్చి చేరుతుంది. వేరు ఖాతా తీసుకుంటే, మీ అవసరానికి మించి బ్యాంకు తీసుకున్న మార్జిన్ కూడా సీసీపీకే వెళ్లాలి, మిగతా క్లయింట్ల డబ్బు నుంచి వేరుగా ఉండాలి, ఇంకొకరి నష్టాలకు దాన్ని వాడకూడదు. ఆమ్నిబస్‌లో ఆ అదనం బ్యాంకు దగ్గరే ఆగిపోవచ్చు. బ్యాంకు దివాలా తీసిన రోజున ఈ తేడా బయటపడుతుంది. అదనపు మార్జిన్ ఎక్కువ అడిగే బ్యాంకుతో ఆమ్నిబస్ ఖాతా తెరవడం గోరుచుట్టు మీద రోకటిపోటే. కనీసం ఆ రెండూ ఒకే చోట తగలకుండా చూసుకోండి. వేరు ఖాతాకు ఫీజు ఎక్కువే. ఆ ఎక్కువను రక్షణకు కట్టే ప్రీమియం అనుకుని లెక్కలో కలపండి.

ట్రేడు వెనక్కి కొడితే

అగ్రిమెంటులో ట్రేడు స్వీకరించే షరతులు వెతకండి. బ్యాంకు మీకొక పరిమితి పెడుతుంది. దాన్ని దాటిన ట్రేడును తీసుకోకపోవచ్చు. అది సహజమే. పరిమితి లోపల ఉన్న ట్రేడును కూడా తిరస్కరించే అధికారం ఉందేమో చూడండి. ఉంటే, ఏ పరిస్థితుల్లోనో రాయించండి. తిరస్కరించినప్పుడు కారణం రాతపూర్వకంగా ఎంతసేపట్లో ఇస్తారో కూడా. పరిమితిని ఉన్నపళంగా సున్నాకు దించే క్లాజు ఒకటి సాధారణంగా వెనకెక్కడో నక్కి ఉంటుంది. హెడ్జ్ మధ్యలో, అంటే రిస్కు తగ్గించుకోవడానికి జంట ట్రేడులు పెడుతుండగా, అలా జరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు. ఒక కాలు క్లియర్ అయి ఇంకో కాలు గాల్లో వేలాడుతుంది. కనీసం రిస్కు తగ్గించే ట్రేడులను మాత్రం తీసుకుంటామని రాయించండి.

ట్రేడింగ్ డెస్కు నీడ

మీకు క్లియరింగ్ ఇచ్చే బ్యాంకే మీతో స్వాప్‌లు కుదుర్చుకునే డీలర్ కూడా అయి ఉంటుంది. "మా డెస్కుతో ఇంత వ్యాపారం చేస్తే క్లియరింగ్ ఫీజు తగ్గిస్తాం" అనే మాట నవ్వుతూ, కాఫీ తాగుతూ వస్తుంది. ట్రేడింగ్ విభాగానికీ క్లియరింగ్ విభాగానికీ మధ్య ప్రయోజనాల ఘర్షణను గుర్తించి, నివారించి, పర్యవేక్షించాలని 3ఎ పేరాలో ప్రత్యేకంగా ఉంది. కాబట్టి మూడు సంగతులు అడగండి: నేను వేరే డీలర్‌తో చేసిన ట్రేడు వివరాలు మీ ట్రేడర్లకు కనిపిస్తాయా, నా క్లియరింగ్ పరిమితిని ఎవరు నిర్ణయిస్తారు, డిస్కౌంట్‌కు ప్రమాణం ఏమిటి. మొదటిదానికి "కనిపించవు" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. ఎలా ఆపుతున్నారో చెప్పమనండి. నోటిమాట నీటిమూట కదా.

బయటికి దారి ముందే కట్టుకోండి

రద్దు నోటీసు ఎన్నాళ్లు? నా సలహా, ఆరు నెలలకు తగ్గితే ఒప్పుకోకండి. కొత్త బ్యాంకుతో కాగితాలు, క్రెడిట్ కమిటీ, సిస్టమ్ టెస్టింగ్ అయ్యేసరికి నెలలు ఇట్టే గడిచిపోతాయి. బ్యాంకు "30 రోజులు" అని రాసి ఉంటే, 31వ రోజున మీ పొజిషన్లు ఏమవుతాయో ఆ బ్యాంకునే అడగండి. మూసేయడమే అయితే ఆ నష్టం మీదే.

ఫీజు మార్పుకూ, మార్జిన్ పద్ధతి మార్పుకూ, రద్దుకూ వేర్వేరు నోటీసు గడువులు రాయించండి. మార్పు నచ్చకపోతే ఛార్జీ లేకుండా వెళ్లిపోయే హక్కు కూడా. ఇంతకీ నోటీసు మీకు అందిందన్న దానికి లెక్కేమిటి? బ్యాంకు పోర్టల్‌లో పెడితే చాలా, ఈమెయిల్ రావాలా? నాకు వచ్చిన రెండు వాక్యాలు కనీసం ఈమెయిల్‌గా వచ్చాయి.

బ్యాంకే పడిపోయే పరిస్థితి వేరు. అప్పుడు మీ పొజిషన్లనూ మార్జిన్‌నూ ఇంకో క్లియరింగ్ మెంబర్‌కు మార్చడాన్ని పోర్టింగ్ అంటారు. దానికి తీసుకునేవాళ్లు ముందే ఒప్పుకుని ఉండాలి. ఎమిర్ 48వ ఆర్టికల్ కింద, సీసీపీ తన నియమాల్లో పెట్టిన గడువులోగా బదిలీ కాకపోతే పొజిషన్లను మూసివేయడం లాంటి చర్యలు తీసుకోవచ్చు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే ఆ గడువు చాలదు.

అందుకే రెండో బ్యాంకుతో కూడా అగ్రిమెంటు ఉంచుకోండి. కనీస ఛార్జీ కడుతూ వాడకుండా పడేయడం డబ్బు దండగలా కనిపిస్తుంది, నిజమే. ఏడాదికి రెండు మూడు చిన్న ట్రేడులు ఆ దారిలో పంపండి. అలా చేసినప్పుడే సంతకాల జాబితాలో ఎవరో ఉద్యోగం మానేశారని, సెటిల్‌మెంట్ ఖాతా నంబరు పాతదని, మార్జిన్ కాల్ ఈమెయిల్ ఎవరూ చూడని మెయిల్‌బాక్స్‌కు వెళ్తోందని తెలుస్తుంది. మేం పంపిన మొదటి ట్రేడులో ఈ మూడూ ఒకేసారి బయటపడ్డాయి.

షరతులు మరీ ఏకపక్షంగా ఉండి, బ్యాంకు రాతపూర్వక కారణం కూడా ఇవ్వకపోతే, ఆ దేశపు నియంత్రణ సంస్థకు రాయొచ్చు. జర్మనీలో అయితే బాఫిన్. అందుకోసం మొదటి రోజు నుంచీ ప్రతి ప్రశ్న, ప్రతి జవాబు తేదీతో ఒకే ఫైలులో పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటను అదే సాయంత్రం "మనం మాట్లాడుకున్నది ఇదీ" అని ఈమెయిల్ చేసి, ఆ కాపీనీ అందులోనే పెట్టండి.